రిటైరయ్యే లెగో సెట్లలో పెట్టుబడి

ఉత్పత్తి ఆగిపోబోతున్న లెగో సెట్టును దుకాణం ధరకే కొని, సీలు విప్పకుండా కొన్నేళ్లు దాచి, బజార్లో దొరకనప్పుడు ఎక్కువ ధరకు అమ్మడాన్ని లెగో పెట్టుబడి అంటారు. కంపెనీ తయారీ మానేసిన సెట్టును అభిమానులు ‘రిటైరైంది’ అంటారు. అమెరికాలో, ఐరోపాలో ఏళ్ల తరబడి సాగుతున్న ఈ వ్యవహారం భారతదేశంలో ఇంకా కొద్దిమంది అభిరుచిపరులదే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి చూస్తే మాత్రం ఇందులో ఒక ప్రత్యేకత కనిపిస్తుంది. ఈ మూడు పట్టణాల చుట్టూ ఉన్న పల్లెల నుంచి దుబాయ్‌కి, అబుధాబికి, దోహాకి, కువైట్‌కి పనికి పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. దుబాయ్ దుకాణంలో తగ్గింపు ధరకు దొరికే పెట్టె ఇక్కడి ఇంటికి చేరడం పెద్ద పని కాదు. అదే పెట్టెను నాలుగేళ్ల తర్వాత మంచి ధర పెట్టి కొనే మనిషి మాత్రం సాధారణంగా హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, విదేశంలోనో ఉంటాడు. ఆ దూరం దాటి అమ్మిన రోజునే ఈ పెట్టుబడిలో లాభమో నష్టమో తేలుతుంది.

ఇటుక కథ

డెన్మార్క్‌లోని బిల్లండ్ అనే చిన్న ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 1934లో సంస్థకు లెగో అని పేరు పెట్టాడు. 1946లో ప్లాస్టిక్‌ను అచ్చు పోసే యంత్రం కొన్నాడు, 1949లో తొలి ప్లాస్టిక్ ఇటుకలు బయటికి వచ్చాయి. పైన బొడిపెలు, లోపల గొట్టాలు ఉన్న ఇప్పటి ఇటుకకు పేటెంటు దరఖాస్తు పడింది 1958 జనవరి 28న. 1963 నుంచి ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ వాడుతున్నారు. 1958 నాటి ఇటుక ఇవాళ కొన్న ఇటుకకు బిగుతుగా అతుక్కుంటుంది.

ఈ పెట్టుబడికి పునాది ఈ అతుకులోనే ఉంది. పాత ఫోనును పదేళ్ల తర్వాత ఎవరూ వాడరు. పాత వీడియో గేమ్ ఆడాలంటే దానికి తగ్గ పాత యంత్రం కావాలి. పాత లెగో సెట్టుకు ఆ బాధ లేదు, ఏ ఏడాది విప్పినా కొత్తదానిలా పనికొస్తుంది. అందువల్ల ‘అప్పుడు కొనలేకపోయాను, ఇప్పుడు కావాలి’ అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1978లో మినీఫిగర్ అనే చిన్న మనిషి బొమ్మ వచ్చింది. 1999లో స్టార్ వార్స్ సినిమాల లైసెన్సు సెట్లు మొదలయ్యాయి. 2003–04లో కంపెనీ భారీ నష్టాల్లో కూరుకుంది. ఆ గండం గట్టెక్కాక పెద్దవాళ్ల కోసం పెద్ద సెట్లు చేయడం మీద గట్టిగా నిలబడింది. 2007లో వచ్చిన ‘కెఫే కార్నర్’ అనే 2,056 ముక్కల భవనం ఆ దారిలో ఒక మలుపు. అమెరికాలో దాని దుకాణం ధర సుమారు 140 డాలర్లు. దాని పక్కన పెట్టుకునేందుకు దుకాణాలు, బ్యాంకులు, సినిమా హాళ్లు ఏటేటా వస్తూనే ఉన్నాయి. ఆ వీధిని మొదటి ఇంటి నుంచి పూర్తి చేయాలనుకునేవాళ్లు రిటైరైన కెఫే కార్నర్ కోసం దుకాణం ధరకు ఎన్నో రెట్లు పెట్టారు.

తయారీ ఎందుకు ఆగుతుంది

లెగో ఒక సెట్టును సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా తయారుచేస్తుంది. పెద్దవీ బాగా అమ్ముడుపోయేవీ మూడు నాలుగేళ్లు, అరుదుగా అంతకంటే ఎక్కువ కాలం ఉంటాయి. 2024లో కంపెనీ అమ్మిన రకాలు 840, వాటిలో 46 శాతం ఆ ఏడాది వచ్చిన కొత్తవే. కొత్తవి అంత పెద్ద ఎత్తున రావాలంటే పాతవి తప్పుకోవాలి. అచ్చు యంత్రాల సమయానికీ హద్దుంది, దుకాణం అరలకూ హద్దుంది. సినిమా సెట్ల విషయంలో లైసెన్సు గడువు కూడా తోడవుతుంది.

ఏది ఎప్పుడు ఆగుతుందో తెలుసుకోవడం ఈ పెట్టుబడిలో సగం విద్య. కంపెనీ వెబ్‌సైటే కొన్నిటిని త్వరలో రిటైరవుతున్నవిగా చూపిస్తుంది. ఆ జాబితా నాటికి చాలామంది మేల్కొంటారు, తగ్గింపులు పలుచబడతాయి. అనుభవం ఉన్నవాళ్లు అంతకు కొన్ని నెలల ముందే, పండుగ అమ్మకాల్లో ధర 20, 30 శాతం తగ్గినప్పుడు కొంటారు. కొనే ధరలో మిగిలిన రూపాయి చేతిలో పడ్డట్టే. నాలుగేళ్ల తర్వాత రావలసిన లాభానికి అంత భరోసా లేదు.

ఎంత పెరుగుతుంది

ఈ ప్రశ్నకు ఎక్కువగా చూపించే లెక్క మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు విక్టోరియా దోబ్రిన్‌స్కాయా, జూలియా కిషిలోవా వేసింది. 1987 నుంచి 2015 దాకా వచ్చిన 2,322 సెట్ల ధరలను వాళ్లు పరిశీలించారు. సగటున ఏటా కనీసం 11 శాతం, ద్రవ్యోల్బణం తీసేస్తే 8 శాతం పెరుగుదల కనిపించింది. ధరలు ఊపందుకునేది సెట్టు రిటైరైన రెండు మూడేళ్ల తర్వాత. చాలా చిన్న సెట్లు, చాలా పెద్ద సెట్లు మధ్య రకాల కంటే బాగా పెరిగాయి. చిన్నవాటిలో ఇంకెక్కడా దొరకని మినీఫిగర్లు ఉంటాయి. పెద్దవి మొదట్లో ఖరీదు కాబట్టి కొని దాచేవాళ్లు తక్కువ.

సగటును చూసి ఆశపడేవాళ్లు అదే పరిశోధనలోని ఇంకో అంకెను చూడాలి. సెట్టును బట్టి రాబడి ఏడాదికి మైనస్ 50 శాతం నుంచి ప్లస్ 600 శాతం దాకా పోయింది. అంటే సగటు కావాలంటే చాలా రకాలు కొనాలి. రెండో మూడో పెట్టెలు కొన్న కుటుంబానికి ఏది దక్కుతుందో ఎవరూ చెప్పలేరు. అదీగాక ఆ పరిశోధన చూసిన సెట్లను కొన్నవాళ్లలో ఎక్కువమంది పెట్టుబడిదారులు కారు. పిల్లలు విప్పి ఆడేశారు కాబట్టే సీలు విప్పనివి అరుదయ్యాయి. ఇప్పుడు ప్రతి పెద్ద సెట్టునూ రెండేసి కొని ఒకటి అటక మీద పెట్టేవాళ్లు లోకమంతా ఉన్నారు. రేపు అవన్నీ ఒకేసారి బజారుకొస్తే పాత సగటు నిలవకపోవచ్చు. ఈ పెట్టుబడి గురించి రాసే వ్యాసాల్లో ఈ మాటకు దొరకవలసినంత చోటు దొరకడం లేదు.

రెండుసార్లు కట్టిన తాజ్ మహల్

భారతీయ పాఠకుడు తెలుసుకోవలసిన కథ ఒకటుంది. 2008లో లెగో 5,922 ముక్కలతో తాజ్ మహల్ సెట్టు తెచ్చింది. నంబరు 10189, ధర సుమారు 300 డాలర్లు. అప్పటికి కంపెనీ చేసిన సెట్లలో ముక్కల లెక్కన అదే అతి పెద్దది. ఉత్పత్తి ఆగాక సీలున్న పెట్టె ధర ఏళ్లు గడిచేకొద్దీ రెండు వేల డాలర్లు దాటింది. పెట్టుబడి పాఠాలన్నిటిలో దాన్ని మేలిమి ఉదాహరణగా చెప్పేవాళ్లు. 2017 నవంబరులో కంపెనీ అదే తాజ్ మహల్‌ను దాదాపు అవే ముక్కలతో, 10256 అనే కొత్త నంబరుతో, 370 డాలర్లకు మళ్లీ విడుదల చేసింది. కట్టుకోవాలనుకునేవాళ్లకు పాతది వెతుక్కునే అవసరం పోయింది. పాత పెట్టె ధర కూలింది. దాన్ని కొన్నేళ్లు దాచి అప్పటికే అమ్మేసినవాళ్లు గట్టెక్కారు, ఇంకొన్నాళ్లు ఆగుదామనుకున్నవాళ్లు దెబ్బతిన్నారు. 2021లో 2,022 ముక్కలతో చిన్న తాజ్ మహల్ కూడా వచ్చింది.

స్టార్ వార్స్‌లోని మిలీనియం ఫాల్కన్ ఓడ విషయంలోనూ ఇదే జరిగింది. 2007లో 500 డాలర్లకు వచ్చిన ఐదు వేలకు పైగా ముక్కల సెట్టు రిటైరయ్యాక వేల డాలర్లు పలికింది. 2017లో 7,541 ముక్కలతో, 800 డాలర్లకు ఇంకా మెరుగైన ఓడ రావడంతో పాతదాని మెరుపు తగ్గింది. రెండు సందర్భాల్లోనూ కంపెనీ ఏ మాటా తప్పలేదు, మళ్లీ తయారుచేయబోమని అది ఎన్నడూ చెప్పలేదు. బంగారాన్ని ఎవరూ కొత్తగా అచ్చు పోయలేరు. లెగో పెట్టె అరుదా కాదా అన్నది మాత్రం బిల్లండ్‌లో ఒక సమావేశం నిర్ణయిస్తుంది. ప్రసిద్ధ కట్టడాలు, బాగా పేరున్న ఓడలు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. లైసెన్సు ముగిసిన సినిమాల సెట్లు తిరిగి రావడం కొంత కష్టం.

ఆగిపోవడం ఒక్కటే చాలదు

తయారీ ఆగితే చాలు ధర పెరుగుతుందన్నది ఈ రంగంలో ఎక్కువమందిని ముంచే నమ్మకం. దానికి జవాబు సిరిసిల్లలోనే ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన బతుకమ్మ చీరల పంపిణీ 2023 దాకా సాగింది. ఏటా కోటికి అటూ ఇటూగా చీరలు, ఎక్కువ భాగం సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి. 2024లో ఆ పథకం నిలిచిపోయింది. మగ్గం మీద బతికే కుటుంబాలకు అది పెద్ద దెబ్బ. చీర మాత్రం ఆగిపోయినందుకు అరుదైన వస్తువైపోలేదు. లక్షల ఇళ్లలో ఉంది, దాని కోసం వెతికే సేకర్తలు లేరు. అదే సిరిసిల్లలో నల్ల పరంధాములు, ఆయన కుమారుడు విజయ్ నేసిన అగ్గిపెట్టెలో పట్టే చీరకు లోకమంతా పేరు వచ్చింది. అలాంటిది నేయగల చేతులు కొన్నే ఉండటం దానికి కారణం. లెగోలోనూ పెద్ద దుకాణాలన్నిటిలో గుట్టలుగా అమ్మిన పోలీస్ స్టేషన్ సెట్టు రిటైరై ఐదేళ్లయినా కొన్న ధర దగ్గరే ఉండిపోవచ్చు. తక్కువ అమ్ముడై, తర్వాత అభిమానం పెరిగిన సెట్టు పైకి లేస్తుంది.

జగిత్యాల జిల్లాలోని కోటిలింగాల ఇంకో వైపు నుంచి ఇదే చూపిస్తుంది. గోదావరి ఒడ్డున ఆ ఊళ్లో గోబద, నారన, సమగోప వంటి శాతవాహన పూర్వ పాలకుల నాణేలు, తొలి శాతవాహన రాజు చిముకుడి నాణేలు దొరికాయి. రెండు వేల ఏళ్ల కింద ముద్ర ఆగిపోయిన ఆ నాణేల అసలు విలువ, ఎక్కడ ఏ పొరలో దొరికాయన్న చరిత్రలో ఉంది. భూమిలో దొరికినదాన్ని దాచుకుంటే 1878 నాటి నిధుల చట్టం, వందేళ్లు దాటిన వస్తువును విదేశానికి పంపితే 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తాయి. లెగో పెట్టెకు అలాంటి చట్టపు బంధం లేదు. పాతబడినంత మాత్రాన దాన్ని విదేశానికి పంపి అమ్మడానికి అడ్డు లేదు.

గల్ఫ్ దారి

నిజామాబాద్ వైపు నుంచి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి పక్క ఊళ్లలో గల్ఫ్ ప్రయాణాల ఏజెంట్లు, పైసలు మార్చే దుకాణాలు, బంగారం షాపులు కనిపిస్తూనే ఉంటాయి. సెలవు మీద వచ్చేవాళ్లు తెచ్చే అట్టపెట్టెల్లో సెంట్లు, దుప్పట్లు, చాక్లెట్లు, పిల్లలకు బొమ్మలు ఉంటాయి. దుబాయ్‌లో 2016 అక్టోబరు నుంచి లెగోలాండ్ వినోద ఉద్యానవనం ఉంది, అక్కడి మాల్‌లలో లెగో దుకాణాలూ ఉన్నాయి. యూఏఈలో అమ్మకపు పన్ను 5 శాతమే.

ఇక్కడ ధరలు ఎందుకు ఎక్కువో సుంకం చూస్తే తెలుస్తుంది. భారత ప్రభుత్వం బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. స్వదేశీ తయారీని నిలబెట్టడం దాని ఉద్దేశం. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరైంది. జగిత్యాలకు గోదావరి ఆవలనున్న నిర్మల్ కొయ్యబొమ్మల వంటి భౌగోళిక గుర్తింపు ఉన్న చేతివృత్తి బొమ్మలకు దీని నుంచి మినహాయింపు ఇచ్చారు. దుబాయ్‌లో కొన్న లెగో పెట్టె మీద ఐఎస్ఐ ముద్ర సాధారణంగా ఉండదు. ఇంట్లో పిల్లలకు తెచ్చుకోవడం వేరు, కోరుట్ల బజార్లో దుకాణం పెట్టి అమ్మడం వేరు.

విమానాశ్రయంలో లెక్క కూడా ముందే చూసుకోవాలి. 2016 నాటి బ్యాగేజీ నిబంధనలు గల్ఫ్ నుంచి వచ్చే భారతీయుడికి 50 వేల రూపాయల విలువ దాకా వ్యక్తిగత వస్తువులను సుంకం లేకుండా అనుమతించాయి, ఆపై విలువకు 35 శాతం సుంకం, దాని మీద సెస్ వేశాయి. ఈ హద్దులు మారుతుంటాయి కాబట్టి ప్రయాణం నాటి నిబంధన చూసుకోవాలి. వ్యాపారం కోసం తెచ్చే సరుకుకు ఈ మినహాయింపు వర్తించదు. ఒకే రకం పెట్టెలు ఆరు తెస్తే కస్టమ్స్ అధికారి అడగడం న్యాయమే. బరువు ఇంకో చిక్కు. 2017 నాటి ఫాల్కన్ పెట్టె ఒక్కటే పదమూడు కిలోల దాకా తూగుతుంది. ముప్పై కిలోల లగేజీలో అది సగానికి దగ్గర. ఎండలో కష్టపడి రెండేళ్లకోసారి ఇంటికొచ్చే మనిషి సంచిలో ఆ చోటు తల్లికి, భార్యకు, పిల్లలకు తెచ్చే వస్తువులది. బంధువును అడిగేవాళ్లు ముందుగా ఆలోచించవలసింది ఇదే.

దాచడం

ఏబీఎస్ ఇటుకకు జగిత్యాల ఎండ పెద్ద శత్రువు కాదు. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటినా, ఆ ప్లాస్టిక్ మెత్తబడేది నూరు డిగ్రీల దగ్గర. దెబ్బ తినేది పెట్టె. సీలున్న సెట్టు ధరలో పెద్ద భాగం అట్టపెట్టె నిగనిగలో ఉంటుంది. మూల నలిగినా, వెలుగు తగిలి రంగు వెలిసినా, వానాకాలం చెమ్మకు అట్ట ఉబ్బినా కొనేవాడు ధర తగ్గిస్తాడు. రేకుల గది, అటక, మిద్దె మీద గది పనికిరావు. వేడికి లోపలి స్టిక్కర్ల జిగురు ఎండిపోతుంది. చెదలు, ఎలుకలు ఇంకా పెద్ద ప్రమాదం, చెదలు ఎక్కిన అట్టపెట్టె ఒక్క వానాకాలంలో పోతుంది. పెట్టెను నేల మీద, గోడకు ఆనించి పెట్టకుండా ఇనుప అర మీద, పైన ఇంకో మందపాటి కార్టన్ వేసి, చెమ్మ పీల్చే పొట్లాలతో ఉంచాలి. ఎండ తగలకుండా చూడాలి. విప్పిన సెట్లలో తెల్ల, బూడిద రంగు ఇటుకలు వెలుగుకు పసుపు తిరుగుతాయి, కొన్నేళ్ల కిందటి ముదురు గోధుమ రంగు ముక్కలు పెళుసుబారి విరుగుతాయి.

నకిలీలు, దొంగ సరుకు

ధర పెరిగిన చోటికి నకిలీ వస్తుంది. చైనాలో ‘లెపిన్’ పేరుతో లెగో సెట్లను అచ్చంగా అనుకరించి అమ్మిన ముఠా మీద 2019 ఏప్రిల్‌లో షాంఘై పోలీసులు దాడి చేసి, 20 కోట్ల యువాన్లకు పైగా విలువైన సరుకు పట్టుకున్నారు. 2020లో దాని సూత్రధారికి ఆరేళ్ల శిక్ష పడింది. ఇటుక పేటెంటు గడువు ఎప్పుడో తీరింది కాబట్టి, అతుక్కునే ఇటుకలు వేరే పేరుతో చేయడం తప్పు కాదు. లెగో పేరు, పెట్టె బొమ్మ, మినీఫిగర్ రూపం కాపీ కొట్టడం తప్పు. రిటైరైన సెట్టు చవగ్గా దొరుకుతోందంటే సీలు, ముద్రణ, ప్రతి బొడిపె మీదా ఉండవలసిన లెగో అక్షరాలు చూడాలి. దొంగ సరుకూ తిరుగుతుంది. 2024 జూన్‌లో లాస్ ఏంజెలెస్ పోలీసులు ఒక ఇంట్లో 2,800కు పైగా దొంగిలించిన పెట్టెలు స్వాధీనం చేసుకున్నారు. బిల్లు దాచుకున్న అమ్మకందారుకు ఇవాళ విలువ అందుకే.

అమ్మకం

విదేశాల్లో రిటైరైన సెట్లకు పెద్ద బజారు బ్రిక్‌లింక్. 2000లో డేనియల్ జెజెక్ అనే అభిమాని మొదలుపెట్టిన ఈ వెబ్‌సైటును 2019లో లెగో సంస్థే కొనేసింది. అక్కడ సెట్లతోపాటు విడి ముక్కలూ అమ్ముతారు, ఏ సెట్టు గత ఆరు నెలల్లో ఎంతకు పోయిందో చూడవచ్చు. అమ్మకందారు అడుగుతున్న ధరను లెక్కలోకి తీసుకోకూడదు, నిజంగా అమ్ముడైన ధరే ధర. ఈబే ఇండియా 2018లో మూతపడ్డాక మన దేశంలో ఇలాంటి పెద్ద వేలం వేదిక మిగల్లేదు. ఫేస్‌బుక్, వాట్సాప్ బృందాలు, ఓఎల్ఎక్స్ మీదే అమ్మకాలు సాగుతున్నాయి.

ఒక ఊహా లెక్క చూద్దాం. పది వేలకు కొన్న పెట్టె నాలుగేళ్లకు ఇరవై వేలైంది. పైకి ఏటా 19 శాతం రాబడి. వేదిక కమిషన్ 15 శాతం, అంటే మూడు వేలు. సిరిసిల్ల నుంచి గట్టిగా ప్యాక్ చేసి, బీమా కట్టి పంపడానికి పదిహేను వందలు. చేతికొచ్చేది 15,500, ఏటా 11.6 శాతం. లాభం మీద 12.5 శాతం పన్ను పోతే మిగిలేది 10.3 శాతం. అదే పెట్టె పదిహేను వేలకే పోతే ఖర్చులు తీశాక మిగిలేది 11,250. పన్ను లెక్కకు ముందే ఏటా మూడు శాతం, బ్యాంకు డిపాజిట్ కంటే తక్కువ. కోరుట్లలో తులం బంగారం పొద్దున తీసుకుపోతే మధ్యాహ్నానికి పైసలు చేతికొస్తాయి. లెగో పెట్టెకు కొనేవాడు దొరకడానికి నెలలు పట్టవచ్చు. పెళ్లికో, ఆసుపత్రికో అక్కరకొచ్చే పొదుపును దీనిలో పెట్టడం పొరపాటు. నాలుగైదు పెట్టెలకు మించని, పోయినా ఇంటికి ఇబ్బంది లేని మొత్తం పెట్టడమే ఈ ప్రాంతపు కుటుంబానికి తగినది.

పన్ను విషయానికొస్తే, 2024 జులై 23 నుంచి అమ్మిన ఇలాంటి వస్తువును 24 నెలలకు మించి ఉంచుకుంటే దీర్ఘకాల మూలధన లాభంగా, ద్రవ్యోల్బణ సవరణ లేకుండా 12.5 శాతం పన్ను పడుతుంది. 24 నెలలు దాటకముందే అమ్మితే ఆ లాభం మామూలు ఆదాయపు శ్లాబుల్లో కలుస్తుంది. సొంతంగా వాడుకునే వస్తువులకు చట్టంలో మినహాయింపు ఉన్నా, అమ్మడానికే కొని సీలు విప్పకుండా పెట్టిన పెట్టెను సొంత వాడకం అనడం కష్టం. ఏటా పదుల కొద్దీ కొని అమ్మేవారి లాభాన్ని ఆదాయపు పన్ను శాఖ వ్యాపార ఆదాయంగా చూడవచ్చు. అందువల్ల కొన్న బిల్లు, కస్టమ్స్ రసీదు, అమ్మిన నాటి బ్యాంకు జమ మూడూ పెట్టెతోపాటే భద్రపరచుకోవాలి.